జైలు నుంచి వచ్చాక పింఛను, రేషన్: 'కేసు' సంగతి దరఖాస్తులో రాయాలా?

విజయవాడ జిల్లా జైలు ఊరి చివర ఎక్కడో లేదు. గాంధీనగర్‌లో, జనం మసలే వీధుల మధ్యే ఉంది. కొన్నాళ్ళ క్రితం ఆ చుట్టుపక్కల ఒక జిరాక్స్ దుకాణంలో కాగితాలు తీయించుకుంటున్నాను. నా ముందు అరవై నాలుగేళ్ళ పెద్దాయన నిలబడి ఉన్నారు. అన్నదమ్ముల స్థలం తగాదా కొట్లాట దాకా వెళ్ళింది. ఆ కేసులో నాలుగు నెలలు రిమాండులో ఉండి బెయిలు మీద వచ్చారు. వచ్చేసరికి వృద్ధాప్య పింఛను ఆగిపోయింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఆధార్, రేషన్ కార్డు, నాలుగు మడతలు పెట్టిన బెయిలు కాగితం.

"జైలుకెళ్ళొచ్చిన సంగతి ఇందులో రాయాలా బాబూ?" అని దరఖాస్తు నింపుతున్న కుర్రాడిని అడిగారు. కుర్రాడికి తెలియదు. పక్కనున్న ఒకాయన "రాయకపోతే దాచావని ఇంకో కేసు పెడతారు" అన్నారు. ఇంకొకాయన "రాస్తే ఇక జన్మలో పింఛను రాదు" అన్నారు. ఇద్దరూ ఎంతో నమ్మకంగా చెప్పారు. ఇద్దరి మాటా తప్పే.

ఈ గందరగోళం ఆ పెద్దాయన ఒక్కరిది కాదు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో సుమారు 5.73 లక్షల మంది ఉన్నారు. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే శిక్ష పడకుండానే జైలు చూసి ఇంటికొచ్చేవారే ఎక్కువ. వాళ్ళలో పింఛనుదారులు, రేషన్ కార్డుదారులు, రైతులు ఉంటారు. దరఖాస్తు ముందు కూర్చోగానే వాళ్ళందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఫారం అడిగేది ఆస్తిపాస్తులు, గుణగణాలు కాదు

ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛన్లు ఇప్పుడు ఎన్టీఆర్ భరోసా పేరుతో ఇస్తున్నారు. 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగులకు 6,000 రూపాయలు. వృద్ధాప్య పింఛనుకు సాధారణంగా అరవై ఏళ్ళు నిండాలి, గిరిజనులకు యాభై చాలు. ఆ తర్వాత జనం నోట 'ఆరంచెల పరిశీలన'గా పేరుపడ్డ ఆర్థిక వడపోత మొదలవుతుంది. కుటుంబ నెలసరి ఆదాయం పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదు. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు మించకూడదు. ట్యాక్సీ, ట్రాక్టరు, ఆటో తప్ప సొంత నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ ప్రభుత్వ పింఛనుదారు గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. పట్టణంలో ఇల్లు వెయ్యి చదరపు అడుగులు దాటితే అదీ అడ్డమే.

కరెంటు మీటరు దగ్గర నుంచి కారు దాకా అన్నీ అడిగారు. 'మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా' అన్న ప్రశ్న మాత్రం ఈ జాబితాలో లేదు.

రేషనూ ఇంతే. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు ఐదు కిలోల ధాన్యం ఇచ్చేది పేదరికాన్ని చూసి, ప్రవర్తనను చూసి కాదు. రైతులకు ఏడాదికి ఆరు వేల రూపాయలిచ్చే పీఎం కిసాన్ పథకానికి అనర్హుల జాబితా ఒకటి ఉంది. అందులో ప్రభుత్వ ఉద్యోగులు, ఆదాయపు పన్ను కట్టేవారు, వృత్తిలో ఉన్న డాక్టర్లు, లాయర్లు, మాజీ ఎమ్మెల్యేలు కూడా ఉన్నారు. జైలుకెళ్ళొచ్చిన రైతు లేడు. మాజీ ఎమ్మెల్యేకు దొరకని ఆరు వేలు మాజీ ఖైదీకి దొరుకుతాయన్నమాట. ఇది పొరపాటున మిగిలిపోయిన సందు కాదు. ఈ పథకాలు కొలిచేది పేదరికాన్ని కాబట్టే అలా ఉంది.

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తోచిన మొదటి కారణం 'పింఛను' అనే మాటే.

ఒకే మాట, రెండు వేర్వేరు డబ్బులు

మన వాడుకలో ఒకటో తేదీన ఇంటికొచ్చి ఇచ్చే నాలుగు వేలూ పింఛనే, రిటైరైన తహసీల్దారు బ్యాంకు ఖాతాలో పడేదీ పింఛనే. చట్టం దృష్టిలో ఈ రెండింటికీ చుట్టరికం లేదు.

ప్రభుత్వ ఉద్యోగి పింఛను 1980 నాటి రాష్ట్ర పింఛను నిబంధనల కిందకు వస్తుంది. అందులో ఎనిమిదో నిబంధన ప్రకారం రిటైరయ్యాక కూడా సత్ప్రవర్తన పింఛనుకు ఒక షరతు. తీవ్రమైన నేరంలో శిక్ష పడితే ప్రభుత్వం ఆ పింఛనును కొంత గానీ పూర్తిగా గానీ ఆపవచ్చు. 'జైలుకెళితే పింఛను పోతుంది' అన్న మాట పుట్టింది బహుశా ఇక్కడే. ఏ రిటైర్డు ఉద్యోగి విషయంలోనో నిజమైన మాట, రచ్చబండలు దాటి వచ్చేసరికి కూలి పని చేసుకునే ముసలాయన మెడకు చుట్టుకుంది. సామాజిక పింఛనుకు అటువంటి సత్ప్రవర్తన షరతు లేదు.

ఇంకో పింఛను సంగతి చెబితే నవ్వొస్తుంది. 1980 నాటి స్వాతంత్ర్య సమరయోధుల గౌరవ పింఛను పథకంలో ప్రధాన అర్హతల్లో ఒకటి కనీసం ఆరు నెలల జైలు జీవితం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు మూడు నెలలు చాలు. అక్కడ జైలు రికార్డు దొరకనివాళ్ళే కంగారుపడేవారు.

రెండో కారణం అమెరికా. గుంటూరు, విజయవాడల్లో ఏ వీధిలో చూసినా అమెరికాలో చుట్టం ఉన్న ఇల్లు ఒకటి తగులుతుంది. అక్కడ 1996లో వచ్చిన సంక్షేమ చట్టం మాదకద్రవ్యాల నేరాల్లో శిక్ష పడినవారికి ఆహార సాయాన్ని జీవితాంతం నిషేధించింది. రాష్ట్రాలు కావాలంటే మినహాయించుకోవచ్చన్న వెసులుబాటు పెట్టింది. తర్వాతి కాలంలో చాలా రాష్ట్రాలు దాన్ని సడలించాయి. బ్రిటన్‌లో జైల్లో ఉన్నంతకాలం ప్రభుత్వ వృద్ధాప్య పింఛను చెల్లించరు. ఇవన్నీ నిజాలే, కాకపోతే ఆ దేశాల నిజాలు. మేనల్లుడు ఫోనులో చెప్పిన మాటకు సింగ్‌నగర్ వార్డు సచివాలయంలో విలువ లేదు.

'కేసు' అంటే ఏ కేసు?

'ఆయన మీద కేసు ఉంది' అంటే వినేవాళ్ళకు అంతా ఒకటే. చట్టానికి మాత్రం అందులో కనీసం అరడజను స్థితులు కనిపిస్తాయి. రాయాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు మనిషి ఏ స్థితిలో ఉన్నాడన్నదాని మీదే ఆధారపడుతుంది.

ఎఫ్ఐఆర్ అంటే పోలీసులకు అందిన ఫిర్యాదు నమోదు. అరెస్టు, రిమాండు అంటే దర్యాప్తు, విచారణల కోసం అదుపులో ఉంచడం. ఛార్జిషీటు పోలీసుల ఆరోపణ. ఇవేవీ తీర్పులు కావు. నాలుగు నెలలు రిమాండులో ఉన్న మన పెద్దాయన జైలుకు వెళ్ళిన మాట నిజమే గానీ ఆయన దోషి కాదు. 'మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా' అని ఎవరైనా అడిగితే 'లేదు' అన్నదే నిజమైన జవాబు. 'మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా' అంటే 'అవును' అన్నదే నిజమైన జవాబు. జైలు ఒకటే, మనిషి ఒకడే, ప్రశ్న మారితే జవాబు మారుతుంది.

చిత్రమైన సంగతి ఇంకొకటి ఉంది. జైలు ముఖం చూడకుండానే 'శిక్ష పడినవాడు' కావచ్చు. పండగనాడు పేకాటలో దొరికిన నలుగురిని కోర్టులో నిలబెడతారు. "తప్పు ఒప్పుకుంటున్నారా?" "ఒప్పుకుంటున్నామండీ." ఏ వందో రెండు వందలో జరిమానా. పది నిమిషాల్లో పని అయిపోతుంది. మధ్యాహ్నానికి ఎవరి పనుల్లో వాళ్ళు ఉంటారు, వారానికి మరిచిపోతారు. చట్టం లెక్కలో అది దోషిగా తేలడమే, జరిమానా కూడా శిక్షే. ఏడాది పాటు విచారణ ఖైదీగా ఉండి నిర్దోషిగా బయటికొచ్చినవాడికి లేని రికార్డు, ఒక పూట కూడా లోపల లేని ఈ పేకాటరాయుడికి ఉంటుంది.

లోక్ అదాలత్‌లో రాజీ పడితే దానికి పూర్తిగా వ్యతిరేకం. రాజీకి వీలున్న నేరాల్లో చట్టప్రకారం రాజీ నమోదైతే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. అందుకే 'ఫైను కట్టేసి వదిలించుకున్నాను', 'రాజీ పడి వదిలించుకున్నాను' అనే రెండు మాటలు వినడానికి కవల పిల్లల్లా ఉన్నా ఫలితంలో తూర్పు పడమరలు.

చట్టమే మచ్చను తుడిచేసే సందర్భాలు కూడా ఉన్నాయి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు మందలించి గానీ సత్ప్రవర్తన బాండు మీద గానీ వదిలేస్తే, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అతనికి వర్తించవని పన్నెండో సెక్షన్ చెబుతుంది. పద్దెనిమిదేళ్ళ లోపు చేసిన నేరమైతే 2015 నాటి బాల న్యాయ చట్టం ఇంకా ముందుకెళ్ళింది. అనర్హత ఉండదనడమే కాదు, నిర్ణీత గడువు తర్వాత రికార్డునే ధ్వంసం చేయాలంది. పదహారు దాటి, ఘోర నేరంలో పెద్దవాళ్ళతో సమానంగా విచారణ ఎదుర్కొని దోషిగా తేలినవారికి మాత్రం ఈ రక్షణ లేదు.

ఇక రౌడీషీటు. విజయవాడలో ఈ మాటకు ఉన్న బరువు వేరే చెప్పక్కర్లేదు. ఆదివారం స్టేషనుకు పిలిపించి వరుసలో నిలబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చే ఫోటోలు పేపర్లలో చూస్తూనే ఉంటాం. అయితే అది పోలీసులు నిఘా కోసం రాసుకునే పుస్తకం, కోర్టు తీర్పు కాదు. ఢిల్లీకి సంబంధించిన ఒక కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు, హిస్టరీ షీటు (రౌడీషీటు లాంటి నిఘా పత్రమే) పోలీసుల అంతర్గత పత్రమని, బహిరంగంగా పెట్టవలసింది కాదని స్పష్టం చేసింది. సంక్షేమ దరఖాస్తుతో దానికి ఏ లంకె లేదు.

మౌనానికీ అబద్ధానికీ మధ్య గీత

'రాయకపోతే దాచినట్టే కదా' అన్నది జిరాక్స్ దుకాణంలో మొదటి పెద్దమనిషి వాదన. అందులో కొంత పస ఉంది కాబట్టి తీసిపారేయలేం.

భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసం గురించి చెబుతుంది. పాత శిక్షాస్మృతిలోని 420 అంటే అందరికీ తెలుస్తుంది. ఆ నిర్వచనంలోనే ఒక వివరణ ఉంది: దురుద్దేశంతో నిజాన్ని కప్పిపుచ్చడం కూడా వంచనే. అంటే నోరు విప్పకుండా కూడా మోసం చేయవచ్చు. కారు ఉన్నవాడు కారు గడి ఖాళీగా వదిలేసి పింఛను తీసుకుంటే సరిగ్గా అదే. ఎందుకంటే కారు ఉందని తెలిస్తే అధికారి పింఛను ఇచ్చేవాడు కాదు. దాచడం వల్లే డబ్బు చేతికొచ్చింది.

ఈ కొలతనే జైలుకు పెట్టి చూద్దాం. పెద్దాయన జైలు సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే పింఛను ఆగేదా? నిబంధనలో అది అనర్హత కాదు కాబట్టి ఆగేది కాదు. అటువంటప్పుడు ఆయన మౌనం వల్ల ప్రభుత్వం పోగొట్టుకున్నది ఏమీ లేదు. డబ్బు కదలికతో సంబంధం లేని మౌనం మోసం కాదు. తప్పుడు సమాచారం ఇవ్వడాన్ని నేరంగా చెప్పే 212వ సెక్షన్ కూడా, చట్టప్రకారం ఆ సమాచారం ఇవ్వవలసిన బాధ్యత ఉన్నవాడి గురించే మాట్లాడుతుంది. అడగని ప్రశ్నకు ఆ బాధ్యత ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ తర్కానికి సుప్రీంకోర్టు మాట ఒకటి దన్నుగా ఉంది. అవతార్ సింగ్ కేసులో 2016 జూలైలో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉద్యోగ దరఖాస్తుల్లో కేసులు దాచడం గురించి విస్తారంగా చర్చించింది. ఫారంలోని ప్రశ్న స్పష్టంగా ఉండాలని, నిర్దిష్టంగా అడిగిన సమాచారాన్ని ఇవ్వకపోతేనే దాచినట్టు లెక్క అని చెప్పింది. అడిగిన చోట మాత్రం నిజమే రాయాలంది. ఆ తీర్పు ఉద్యోగాల గురించి. ఉద్యోగంలోనే పరిస్థితి అదైతే, గుణగణాల ఊసే లేని సంక్షేమ ఫారంలో ఇంకా గట్టిగా వర్తిస్తుందన్నది నా అవగాహన.

గీత దాటేది ఎక్కడంటే, ఖాళీని నింపడానికి కథ అల్లినప్పుడు. 'నాలుగు నెలలు ఎక్కడికెళ్ళావు?' అని సచివాలయంలో అడుగుతారు. 'ఇంట్లో లేనండీ' అన్నది నిజమే. 'హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరున్నాను' అని తెల్లకాగితం మీద రాసి వేలిముద్ర వేస్తే అది అబద్ధం. ప్రభుత్వోద్యోగిని తప్పుదోవ పట్టించేందుకు తప్పుడు సమాచారం ఇవ్వడం 217వ సెక్షన్ పరిధిలోకి రావచ్చు. అవసరమే లేని చోట అబద్ధమాడి, లేని తలనొప్పిని కొనితెచ్చుకోవడం అంటే ఇదే. ఫారం అడుగున 'పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను' అన్న వాక్యం ఉంటుంది. అది పైన రాసిన వివరాలకే వర్తిస్తుంది, రాయని జీవితచరిత్రకు కాదు.

నిజంగా అడిగే చోట్లు

భయం పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. నేరచరిత్ర అడిగే ఫారాలు ఉన్నాయి, వాటిలో దాచితే దెబ్బ తగులుతుంది. ప్రభుత్వ ఉద్యోగానికి నింపే ధ్రువీకరణ పత్రం అందులో మొదటిది. అరెస్టు, పెండింగు కేసు, శిక్ష వేర్వేరుగా అడుగుతారు. పాస్‌పోర్టు రెండోది. 1967 చట్టం ప్రకారం దరఖాస్తుకు ముందు ఐదేళ్ళలో నైతిక భ్రష్టత (మోసం, దొంగతనం వంటివి) కిందకు వచ్చే నేరంలో రెండేళ్ళకు తగ్గని శిక్ష పడినా, కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్నా నిరాకరించవచ్చు. ప్రైవేటు సెక్యూరిటీ సంస్థల 2005 చట్టం కోర్టులో శిక్ష పడినవారిని కాపలాదారుగా పెట్టుకోవద్దంటుంది. జైలు నుంచి వచ్చినవాళ్ళకు చప్పున దొరుకుతుందనుకునే పని ఇదే కాబట్టి ఈ నిబంధన చాలామందిని నిరాశపరుస్తుంది.

ఎన్నికల సంగతి ఇంకా విచిత్రం. జైల్లో ఉన్నవాడు ఓటు వేయలేడు, బయటికొచ్చిన మర్నాడే వేయవచ్చు. పోటీ చేయాలంటే మాత్రం, రెండేళ్ళు ఆపైన శిక్ష పడితే విడుదలయ్యాక ఆరేళ్ళు ఆగాలి.

వీటన్నిటిలో ఒక సామ్యం కనిపిస్తుంది. ఇవన్నీ నమ్మకంతోనో అధికారంతోనో ముడిపడిన చోట్లు. అన్నం, మందు, ముసలితనపు ఆసరా ఆ కోవలోకి రావు. మన చట్టం ఈ తేడాను ఎక్కడా ఒకేచోట రాసిపెట్టలేదు. బ్రిటన్‌లో 1974 నుంచి ఒక చట్టం ఉంది. నిర్ణీత కాలం గడిచాక చాలా రకాల పాత శిక్షలను చెప్పనక్కర్లేదని అది తేల్చేసింది. పెద్దవాళ్ళ విషయంలో అటువంటి సాధారణ చట్టం మనకు లేదు. అందుకే ప్రతి ఫారం దగ్గరా మళ్ళీ మొదటి నుంచి ఆలోచించుకోవలసి వస్తుంది.

అసలు దెబ్బ తగిలేది ఖాళీ నెలల్లో

పెద్దాయన పింఛను ఎందుకు ఆగిందో చూస్తే నేరానికీ దానికీ ఎంత దూరమో తెలుస్తుంది.

మన రాష్ట్రంలో పింఛను ఇంటి గడప దగ్గర, మనిషి వేలిముద్రో కంటిపాపో ముఖమో చూసి ఇస్తారు. మనిషి లేకపోతే డబ్బు వెనక్కి వెళ్తుంది. ఊరెళ్ళినవారు, ఆస్పత్రిలో ఉన్నవారు నష్టపోకుండా 2024 చివర్లో ప్రభుత్వం ఒక వెసులుబాటు ఇచ్చింది. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా తర్వాతి నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస వెళ్ళినట్టు భావించి నిలిపివేస్తారు. తిరిగొచ్చాక దరఖాస్తు పెట్టుకుని పునరుద్ధరించుకోవాలి.

లెక్క వేద్దాం. ఏప్రిల్ 1న ఆయన 4,000 తీసుకున్నారు. 10న అరెస్టయ్యారు. జూన్ 25న బెయిలు వచ్చిందనుకుందాం. మే, జూన్ రెండు నెలలు తప్పాయి. జూలై 1న ఆ రెండు నెలలవీ ఆ నెలదీ కలిపి 12,000 చేతికొస్తాయి. జైలుకు వెళ్ళిన సంగతి ఎవరూ అడగరు, అడగవలసిన పనీ లేదు. ఇప్పుడు జరిగింది చూడండి. బెయిలు ఆగస్టు 14న వచ్చింది. జూలై 1 దాటేసరికే మూడు నెలలు నిండాయి. రికార్డులో ఆయన 'వలస వెళ్ళిన వ్యక్తి' అయ్యారు. బెయిలు పిటిషను మరో వాయిదాకు పోవడం వల్ల, పూచీకత్తు ఇచ్చేవాళ్ళు దొరకడం ఆలస్యం కావడం వల్ల పింఛను పోయింది. రెండు సందర్భాల్లోనూ ఆరోపణ ఒకటే, మనిషి ఒకడే.

అంటే కంప్యూటరుకు తెలిసింది ఆయన నేరస్థుడని కాదు, ఆయన లేడని. గుంటూరు మిర్చి యార్డులో హమాలీ పని చేసే మనిషి పనికోసం మూడు నెలలు ఇంకో ఊరు పోతే ఏమవుతుందో, రిమాండులో ఉంటే అదే అవుతుంది.

ఈ ఖాళీకి పిల్లలు పుడతాయి. తొంభై రోజులు వాడని ప్రీపెయిడ్ సిమ్‌ను కంపెనీ తీసేయవచ్చు. ఆ నంబరే ఆధార్‌కు ముడిపడి ఉంటే ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తుందో దేవుడికెరుక. రెండేళ్ళు లావాదేవీ లేని బ్యాంకు ఖాతాను నిద్రాణమైనదిగా లెక్కగట్టి మళ్ళీ గుర్తింపు పత్రాలు అడుగుతారు. రేషన్ కార్డులో ప్రతి సభ్యుడూ ఈకేవైసీ చేయించాలన్న గడువు ఆయన లోపలుండగా వచ్చి వెళ్ళి ఉండవచ్చు. దీర్ఘకాలం శిక్ష అనుభవించి రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు నుంచి వచ్చినవాళ్ళకు ఇవన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. ఆధార్ లేకుండా లోపలికి వెళ్ళిన ఖైదీలకు, జైలు అధికారి ధ్రువీకరించిన ప్రవేశ పత్రం ఆధారంగా అక్కడే ఆధార్ నమోదు చేసే ఏర్పాటు ఉంది. అది జరిగినవాడికి బయట ఒక మెట్టు తగ్గుతుంది.

లోపలున్నన్నాళ్ళూ డబ్బు ఆపడం సబబేనా?

దీనిమీద రెండు వాదాలు ఉన్నాయి, రెండూ వినదగినవే. జైల్లో తిండి, బట్ట, వైద్యం ప్రభుత్వమే చూస్తుంది. అదే మనిషికి బతుకు గడవడానికి ఇచ్చే పింఛను కూడా ఇస్తే ఒక అవసరానికి రెండుసార్లు చెల్లించినట్టు. పైగా ఆ నేరంలో దెబ్బతిన్న కుటుంబం కూడా అదే వీధిలో ఉంటుంది. వాళ్ళకు ఏమనిపిస్తుంది?

రెండో వాదం విచారణ ఖైదీల వైపు నుంచి వస్తుంది. దోషి అని తేలకుండానే నెలల తరబడి లోపల పెట్టేది ప్రభుత్వం, లేడని పింఛను ఆపేదీ ప్రభుత్వమే. ఆ నాలుగు వేలు కాగితం మీద ఒకరివే అయినా, కృష్ణలంకలో అద్దె గదిలో ఉన్న భార్య మందుల ఖర్చు అందులోనే వెళ్తుంది. ఆమె ఏ నేరం చేసిందని? నాకు ఈ రెండో వాదంలో ఒక భాగం కాదనలేనిదిగా అనిపిస్తుంది: నిర్దోషిగా విడుదలైనవాడి ఆగిపోయిన నెలల డబ్బు సంగతి. అతను ఇష్టపడి వలస పోలేదు. అయినా ప్రస్తుత పద్ధతిలో విజయవాడ నుంచి వైజాగ్ వెళ్ళి స్థిరపడినవాడికీ అతనికీ తేడా లేదు.

అడగకపోయినా చెప్పుకోవడం

చెప్పనక్కర్లేదు సరే, చెబితే మేలేమైనా ఉందా? ఒక్కోసారి ఉంది. మూడు నెలల గైర్హాజరుకు బెయిలు ఉత్తర్వు, విడుదల పత్రాల కన్నా బలమైన రుజువు లేదు. 'శాశ్వతంగా వలస వెళ్ళాడు' అన్న అనుమానాన్ని అవి ఒక్క దెబ్బకు కొట్టేస్తాయి. దరఖాస్తుతో జతచేస్తే పునరుద్ధరణ సులువు కావచ్చు. ఇది బాధ్యత కాదు, వెసులుబాటు మాత్రమే.

వెనక్కి లాగేది కూడా గట్టిదే. వార్డు సచివాలయం చిన్న గది. సంక్షేమ కార్యదర్శి బల్లకు నాలుగడుగుల దూరంలో మహిళా పోలీసు కుర్చీ చూసినవాళ్ళం మనం. కాగితం చూసేది ఒకరైతే వినేది పదిమంది, వాళ్ళలో సగం మంది అదే వీధివాళ్ళు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ గదిలో ఆ తీర్పు గుర్తుకు రావడం కష్టం.

మన ప్రాంతంలో ఈ సంకోచానికి ఇంకా లోతైన వేరు ఉంది. ఒకప్పటి గుంటూరు జిల్లాలోని, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న స్టువర్టుపురాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 'నేరస్థ తెగల' సెటిల్‌మెంటుగా, అంటే నిఘాలో ఉంచే కాలనీగా పెట్టింది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాల కింద, తప్పు చేయని మనిషి కూడా పుట్టుకతోనే రిజిస్టరులోకి ఎక్కేవాడు, హాజరు వేయించుకోవలసి వచ్చేది. ఆ చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది, ఊరి పేరు వినగానే కనుబొమలు ఎగరేసే అలవాటు పోలేదు. జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి పనులు పంచడాన్ని, ఈ విముక్త తెగలవాళ్ళను అలవాటుపడ్డ నేరస్థులుగా చూడటాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరులో. రికార్డు అనేది చేసిన పని కన్నా ముందే మనిషికి అంటుకున్న చరిత్ర ఉన్న చోట, 'దాచడానికి ఏముంది, చెప్పేయండి' అని తేలిగ్గా అనలేం.

ఒకే ఒక్క మెలిక మిగిలింది. నేరమే పథకం గురించినదైతే? దొంగ సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌తో దివ్యాంగుల పింఛను తీసుకుని కేసులో ఇరుక్కున్నవాడు మళ్ళీ అదే పింఛను అడిగితే పాత సంగతి బయటికి రాకుండా ఉండదు. అక్కడ కూడా దరఖాస్తు పడిపోయేది అతను శిక్ష అనుభవించినందుకు కాదు, వైకల్య శాతం చాలనందుకు. తర్వాత నిజంగానే ప్రమాదంలో కాలు పోయి, నలభై శాతం వైకల్యం ఉన్నట్టు బోర్డు ధ్రువీకరిస్తే, పాత మోసం ఆ కాలును తిరిగి తీసుకురాదు. అధికారి రెండుసార్లు పరీక్ష చేయించవచ్చు, అనుమానంగా చూడవచ్చు. ఆర్థిక షరతులు కూడా సరిపోతే అర్హత అర్హతే.

జిరాక్స్ దుకాణంలో పెద్దాయన చివరికి తెల్లకాగితం తీసుకున్నారు. 'ఏప్రిల్ 10 నుంచి ఆగస్టు 14 వరకు ఇంట్లో లేనందున పింఛను తీసుకోలేకపోయాను, ఇప్పుడు ఇదే చిరునామాలో ఉంటున్నాను' అని కుర్రాడి చేత రాయించారు. అందులో అబద్ధం లేదు. బెయిలు కాగితం జతచేయాలా అని కాసేపు చేతిలో తిప్పారు. దానికి కూడా ఒక నకలు తీయించి, దరఖాస్తుకు పిన్ను కొట్టకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"అడిగితే చూపిస్తాను" అన్నారు.